లోపలి గదిలోంచి వచ్చిన గొంతు

మా అత్తయ్యకి దయ్యాలంటే భయం లేదు. బొద్దింకలంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. "దయ్యం నా టైపు మిషన్లో కాపురం పెట్టదు కదే, బొద్దింక పెడుతుంది" అనేది. నాన్నకి అక్క. ఒంటరి మనిషి. మాట పెళుసు, చెయ్యి వేగం. ఒక వారపత్రికలో జీవితమంతా టైపిస్టుగా పనిచేసింది. ఆ పత్రిక ఇప్పుడు లేదు, ఆ మిషనూ లేదు, అత్తయ్యా లేదు. ఆవిడ చెప్పిన కబుర్లు మిగిలాయి. వాటినీ మా ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పెంచి చెబుతుంటారు కాబట్టి, నేను విన్నది విన్నట్టు ఇక్కడ పెడుతున్నాను. తేడాలుంటే మా తమ్ముణ్ణి అడగండి, తనకి అన్నీ తెలుసని వాడి నమ్మకం.

ఆ పత్రికని నిలబెట్టినవి దయ్యాల సీరియళ్లు. అది చూసి ఎడిటర్‌గారు, ఆ కథలు రాసేవాళ్లతో మాట్లాడించి ‘మీకేమంటే భయం?’ అని ఒక శీర్షిక మొదలుపెట్టారు. విలేఖరి ఒకతను టేపు రికార్డరు చంకన పెట్టుకుని రచయితల ఇళ్లకి వెళ్లేవాడు. ప్రశ్నలు బాగా అడిగేవాడు గానీ, మీట ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. రచయిత మాటలతోపాటు వాళ్లింటి కుక్క అరుపులు, గిన్నెల చప్పుళ్లు, పక్కింటి పోట్లాటలు అన్నీ ఎక్కేవి. అత్తయ్య చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, టేపుని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ అందులోని మాటలన్నీ టైపు చేసేది.

మాటలన్నీ అంటే నిజంగానే అన్నీ. అంతకుముందు ఒక రచయిత "నేననని మాట వేశారు, అన్న మాట ఎగరగొట్టారు" అని ఆఫీసుకొచ్చి రభస చేశాడు. ఆ దెబ్బతో ఎడిటర్‌గారు అత్తయ్యని పిలిచి, "వినపడ్డ మాట ఒక్కటి కూడా వదలొద్దమ్మా, ఎవరన్నదైనా సరే" అన్నారు. అత్తయ్యకి అది వేదవాక్కయింది. పోనీ ఆ తర్వాత ఆయనైనా చదివి చూసుకునేవారా అంటే, ఆయనకి దయ్యాల పేజీ చదివితే నిద్రపట్టదు. కళ్లు పక్కకి తిప్పుకుని సంతకం పెట్టేసేవారు. టైపు చేయడం అయిపోయిన టేపు మళ్లీ విలేఖరి చంకలోకి వెళ్లేది. పాత మాటల మీద కొత్త మాటలు ఎక్కేవి. టేపులు చెట్లకి కాస్తాయా అనేవారు ఎడిటర్‌గారు.

"ఇంత పిరికి మందని నేనెక్కడా చూళ్లేదే" అని అత్తయ్య పడీపడీ నవ్వేది. కథల్లో బావుల్లోంచి చేతులు లేపించే ఒకాయనకి పళ్ల డాక్టరంటే వణుకు. శ్మశానం తప్ప ఇంకో చోటు తెలియనట్టు రాసే మరొకాయన, మధ్యాహ్నం ఫోను మోగితే ఎవరికేమైందోనని ముట్టుకునేవాడే కాదట. ఒక రచయిత్రి అయితే, "మా ఆడపడుచులు నా కథలు శ్రద్ధగా చదువుతారేమోనని భయమండీ. చదివితే వాళ్లని వాళ్లు పోల్చేసుకుంటారు" అని చెప్పి, ఆ ముక్క వెయ్యొద్దని బతిమాలింది. బతిమాలడంతో సహా అచ్చయింది.

వీళ్లందరిలోకీ పెద్దాయన ఒకరుండేవారు. పాఠకులు ఆయనకి చీకటిగారని పేరు పెట్టారు. మనిషి ఆజానుబాహుడు, మాట గంభీరం. విలేఖరి అడిగితే, "భయమా? నాకా? భయానికే నేనంటే భయమయ్యా" అన్నారు. అంతలో లోపలి గదిలోంచి ఆయన భార్య గొంతు టేపులోకి ఎక్కింది.

"అబ్బో, చెప్పొచ్చారు! నేను బజారుకెళ్తే వచ్చేదాకా గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుంటారు, లోపల ఒక్కరూ ఉండలేక. ఆ అబ్బాయికి అదీ చెప్పండి. ఇంక చాలు, లేచి రండి, చల్లారిపోతోంది."

దూరంనుంచి వచ్చిన మాటలు, పైగా గిన్నెల చప్పుడు. అన్నీ పట్టుకోవడానికి అత్తయ్య తిప్పితిప్పి వినాల్సి వచ్చింది. పట్టుకున్నాక కూడా నవ్వు కోసం మళ్లీ మళ్లీ వింది. పక్కన ‘లోపలి గదిలోంచి’ అని పెట్టి ఉన్నదున్నట్టు టైపు చేసింది. ఎడిటర్‌గారు కళ్లు తిప్పుకుని సంతకం చేశారు.

అది అచ్చవడానికి చాలా వారాలు పట్టింది. పత్రిక బజార్లోకి వెళ్లాకగానీ ఆఫీసులో ఎవరికీ అసలు సంగతి తెలియలేదు. ఈలోగా చీకటిగారి భార్య జబ్బుచేసి పోయింది.

ఎడిటర్‌గారు తల పట్టుకున్నారు. "పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి పరువు తీశాం. ఇంక మనకి సీరియల్ రాస్తాడా? వస్తే నువ్వే సమాధానం చెప్పుకో తల్లీ" అన్నారు. బొద్దింకలు కాక ఇంకోదానికి అత్తయ్య భయపడటం అదే మొదలు.

ఆయన రానే వచ్చారు. చేతిలో పత్రిక, మాసిన గడ్డం, ఒక గుండీ కింది కాజాలో పెట్టుకున్న చొక్కా. విలేఖరి టీకని జారుకున్నాడు. ఎడిటర్‌గారు మోగని ఫోను ఎత్తి "హలో, హలో" అనడం మొదలుపెట్టారు. ఆయన నేరుగా అత్తయ్య బల్ల దగ్గరికి వచ్చారు.

"ఇది టైపు చేసింది మీరేనా అమ్మా?"

"నేనేనండీ. పొరపాటైపోయింది, క్షమించండి."

"పొరపాటేముందమ్మా? ఒక్క మాట కూడా తేడా లేదు. అచ్చం ఇలాగే అంది." ఎదుటి కుర్చీలో కూర్చుని అడిగారు. "ఆ టేపు ఒక్కసారి వినిపిస్తారా? ఇంట్లో ఫోటోలున్నాయి. గొంతెక్కడా లేదు. రోజూ గుర్తుచేసుకుంటున్నాను, రోజురోజుకీ జారిపోతోంది. ఇన్నేళ్లూ భయం భయం అని నేను రాసిందంతా ఉత్తదేనమ్మా. భయమంటే ఇదీ."

ఆ టేపు ఏమైందో అత్తయ్యకి తెలుసు. అయినా నోటితో లేదనలేక, సొరుగులోంచి తీసి రికార్డర్లో పెట్టింది. బావుల రచయిత తన పళ్ల గురించి చెప్పుకుంటున్నాడు. చీకటిగారు ముందుకి వంగి, ఆ మాటకీ ఈ మాటకీ మధ్య ఎక్కడైనా ఆవిడ మిగిలిందేమోనని చెవులు రిక్కించి వింటూనే ఉన్నారు. చూడలేక అత్తయ్యే ఆపేసింది.

"పోయిందండీ" అంది. ఏడుపొచ్చింది. "నేను మాత్రం చాలాసార్లు విన్నానండీ. బాగా గుర్తుంది. మీరేమీ అనుకోకపోతే... అని చూపించనా?"

ఆయన తలూపారు. అత్తయ్య మొహం గోడవైపు తిప్పుకుని చెప్పింది.

"అంత మర్యాదగా ఉండేది కాదమ్మా" అన్నారాయన. "కొంచెం విసుగుండాలి."

మళ్లీ చెప్పింది.

"అబ్బో దగ్గర సాగదీసేది."

కామా తప్పు పెట్టావంటేనే కయ్యానికి దిగే మా అత్తయ్య, ఆయన దిద్దినట్టల్లా దిద్దుకుంటూ పోయింది. ఎడిటర్‌గారి చేతిలో ఫోను చేతిలోనే ఉండిపోయింది. ఇంకా ఏదో కుదరట్లేదు. అప్పుడు అత్తయ్యకి తట్టింది, ఇది ఎదురుగా కూర్చుని చెప్పే గొంతు కాదని. లేచి, పాత సంచికల కట్టలుండే గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, అక్కణ్ణుంచి గట్టిగా అంది.

"ఇంక చాలు, లేచి రండి, చల్లారిపోతోంది!"

"వస్తున్నానే, వస్తున్నా" అంటూ ఆయన లేచారు. లేచి, ఆ తలుపు వైపు నాలుగడుగులు వేసి, అప్పుడు ఆగారు.

అత్తయ్య మాకు ఆ రచయితలందరి గొంతులూ వేసి చూపించేది. పళ్లాయనది, ఫోనాయనది, ఆడపడుచులావిడది. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. లోపలి గదిలో ఆవిడ ఎలా అందో కూడా చెయ్యి అత్తయ్యా అని నేనూ తమ్ముడూ ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డామో. ఎప్పుడూ చెయ్యలేదు.

"అది నా దగ్గర లేదే" అనేది. "ఆయనకిచ్చేశాను."