సంత్రాగాఛి కాకులు ఎవరిని చూశాయి?

మా బంధువుల్లో ఇప్పటికీ చెలామణీలో ఉన్న కథనం ఇది: పదో రోజున మా నాన్న కాకై వచ్చి, పదకొండేళ్లుగా మాటల్లేని పెద్దకొడుకునీ కూతురినీ కలిపి, పిండం ముట్టి వెళ్లాడు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఒక మిత్రుడైతే, "దీన్ని సినిమా తీయాలండీ! క్లైమాక్స్‌లో హాలంతా ఏడుస్తుంది!" అన్నాడు. చరిత్ర పుస్తకాలు చదివే అలవాటున్నవాణ్ణి కనుక ఏ కథ విన్నా నాకు మొదట రెండు ప్రశ్నలు పుడతాయి. ప్రత్యక్షసాక్షి ఎవరు? అతను దాచినదేమిటి? ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ తెలిసిన సాక్షిని నేనే. దురదృష్టవశాత్తూ ముద్దాయినీ నేనే. టీ చల్లారేలోగా జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

సంగతి 1987 డిసెంబరు నాటిది. శ్రీకాకుళం నుంచి వచ్చి కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన నాన్న నా రైల్వే క్వార్టర్లోనే కన్నుమూశాడు. ఖరగ్‌పూర్ నుంచి అన్నయ్య, ఖిదిర్‌పూర్ డాక్ నుంచి అప్ప వచ్చారు. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ ఇద్దరికీ మాటల్లేవు. కారణం చెబితే నవ్వుతారు: అన్నయ్య గృహప్రవేశంలో అప్ప మొగుణ్ణి, అంటే మా బావను, రెండో బంతిలో భోజనానికి కూర్చోబెట్టారు. అంతే! యుద్ధాలకు మూలకారణం వేరు, తక్షణకారణం వేరు అని చరిత్రకారులు విడదీస్తారు. మా ఇంటి యుద్ధానికి రెండూ ఆ విస్తరాకే.

ఒకే గదిలో మూడడుగుల దూరంలో కూర్చుని ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకునేవారు.

"ఒరే చిన్నోడా, బకెట్టు దారికడ్డంగా ఉంది. దానికి సెప్పు."

"అక్కడెట్టింది నేను కాదని ఆయనగారికి సెప్పు."

టెలిఫోన్ ఎక్స్ఛేంజికైనా రాత్రిపూట డ్యూటీ మారుతుంది. నాకది కూడా లేదు!

మూడో రోజున అన్నయ్య ప్రకటించాడు. "పదో రోజు కాకి ముట్టగానే నేను లోకల్ ఎక్కేస్తాను. మిగతా కర్మంతా ఖరగ్‌పూర్‌లో నా ఇంటికాడే. పిలవాల్సినోలని పిలుస్తాను." పిలవాల్సినవాళ్లలో అప్ప లేదని గోడలకు కూడా అర్థమైంది. అప్ప ఆ గోడతోనే అంది: "కాకి ముట్టాలి కదా! నాన్న మనసు ఎవులు ఇరిసేసారో ఆ రోజు తెలుస్తాది."

అమ్మ నన్ను వంటింట్లోకి లాగి ఏడ్చింది. "కాకి రాలేదనుకో, నీవల్లంటే నీవల్లని కొట్టుకు సస్తారు. ఇంక జన్మలో మొకాలు సూసుకోర్రా. ఏటి సెయ్యాల్రా?"

అన్నయ్యను ఆపడం నా చేతిలో లేదు. కాకిని రప్పించడం మాత్రం ఉందనుకున్నాను. అది పరలోకానికి సంబంధించిన విషయం కాదు, అలవాటుకు సంబంధించిన విషయం! రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే మనిషి తిండి పెడితే ఏ పక్షి అయినా వస్తుంది. పిండం పెట్టబోయేది స్టేషను దగ్గరి ఝీల్ గట్టున. ఆ పెద్ద చెరువు దగ్గరికి నాలుగో రోజు తెల్లవారుతూనే మంకీ క్యాప్ పెట్టుకుని అన్నం ముద్దతో వెళ్లాను. ఒక్క కాకీ దిగలేదు. ఎందుకు దిగుతుంది? చేపల బజారులో పుట్టి పెరిగిన కలకత్తా కాకి అది! ఐదో రోజు ముద్దలో వేయించిన చేపముక్క దాచాను. ఆరు కాకులు వచ్చాయి. మర్నాడు పదిహేను. తొమ్మిదో రోజున నలభై వరకూ లెక్కపెట్టి ఆపేశాను.

మైలలో ఉన్న ఇంటివాడు చేప ముట్టకూడదు. తెలిసే చేశాను. సాయంత్రాలు స్టేషను బయట చేపలు వేయించి అమ్మే బెంగాలీ ఆయన, రోజూ ఒకే ఒక్క ముక్క కొనుక్కుని దొంగలా వెళ్లే నా మాసిన గడ్డాన్ని చూసి జాలిపడ్డాడు. "ఇంట్లో తిననివ్వరా దాదా?" అని బెంగాలీలో అడిగాడు. తల ఊపాను. ఆ వారంలో నేను ఒప్పుకున్న నిజం అదొక్కటే.

పదో రోజు వచ్చింది. గట్టు మీద అన్నయ్యా నేనూ గుండు చేయించుకున్నాం. చలికి తట్టుకోలేక నేను మంకీ క్యాప్ తగిలించుకున్నాను. ముందుజాగ్రత్తగా చొక్కా జేబులో కాగితంలో చుట్టిన చేపముక్క కూడా ఉంది. ముందుజాగ్రత్త!

అన్నయ్య ఆకులో పిండం పెట్టాడు. పంతులుగారు అందరినీ వెనక్కి జరగమన్నారు. పొగమంచులో అవతలి గట్టు లేదు. నీటి మీద బాతుల అరుపులే గాని ఆకారాలు లేవు. కాసేపటికి ఆ అరుపులు కూడా ఆగిపోయాయి. మంచులోంచి ఒక కాకి వచ్చి విరిగిన గోడ మీద వాలింది. అరవలేదు. దాని పక్కన ఇంకొకటి. తర్వాత కరెంటు తీగల మీద, రేకుల కప్పు మీద, చివరికి నేల మీద. రెక్కల చప్పుడు తప్ప మరో శబ్దం లేకుండా కాకులన్నీ మా చుట్టూ కూర్చున్నాయి. పిండం వైపు ఒక్కటీ చూడటం లేదు.

అన్నీ నన్నే చూస్తున్నాయి.

నేను రెండడుగులు ఎడమకు జరిగాను. తలలన్నీ ఎడమకు తిరిగాయి. అప్ప వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మూడు కాకులు నిదానంగా లేచి, అప్ప వెనక్కి వచ్చి, నా కాళ్ల దగ్గర వాలాయి. కారణం నాకు పూర్తిగా తెలుసు. అయినా ఒకడుగు వెనక్కి వేశాను! ఆ చూపులో, నిజం చెప్పొద్దూ, నాన్న చూపే కనబడింది: బడి ఎగ్గొట్టి వచ్చిన రోజున గుమ్మంలో నిలబడి, ఏమీ అడగకుండా చూసే చూపు.

"చిన్నోడా," అంది అమ్మ గుసగుసగా, "మీ నాన్న నిన్నే సూస్తన్నాడ్రా."

పంతులుగారు కూడా గొంతు తగ్గించారు. "తీరని కోరికేదో ఉంది. తలో మాటా ఇవ్వండి."

అన్నయ్య చేతులు జోడించాడు. "నాన్నా, అమ్మని నేను సూసుకుంతాను." కదలిక లేదు. అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాన్నా, కోపం నామీదైతే సెమించీ." కదలిక లేదు. నలభై జతల కళ్లూ నా టోపీ మీదే. ఎక్కడో రైలు కూత వినబడింది. అది కూడా ఎవరినో పిలుస్తున్నట్టే అనిపించింది.

అప్పుడు అన్నయ్య మెల్లగా తిరిగాడు. నావైపు కాదు, అప్ప వైపు. పదకొండేళ్లలో మొదటిసారి!

"ఓలె, ఈడేదో సేసాడే."

"నాకూ అదే అనుమానం అన్నయ్యా! రోజూ తెల్లారకుండా ఎక్కడికో ఎల్లొస్తన్నాడు."

"రోజూనా?"

"రోజూ! అడిగితే వాకింగంటాడు. నాన్న పోయిన ఇంట్లో వాకింగేటి అన్నయ్యా?"

"నాన్నకి మందులు టైముకి ఇచ్చీవోడంతావా?"

"అదే నేనూ ఆలోసిస్తన్నాను."

మౌనం తెగింది, నా మెడ మీద! సంతోషించాలో పారిపోవాలో తెలియలేదు. మందుల దాకా వచ్చాక ఇక దాచడం ప్రమాదమని, నిజం చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఒక కాకి నా నెత్తి మీద వాలి టోపీ పట్టుకు లాగింది. కెవ్వుమన్నాను. తడి మెట్టు మీద కాలు జారింది. నేను వెల్లకిలా పడ్డాను, జేబులోని పొట్లం ఎగిరి సరాసరి పిండం పక్కన పడింది. తర్వాత ఏమీ కనబడలేదు. నల్లటి రెక్కలు, వాటి మధ్యలోంచి ఎగిరిపడుతున్న తెల్లటి మెతుకులు.

"ముట్టింది! ముట్టింది!" అని పంతులుగారు కేక పెట్టారు. అమ్మ నేల మీద కూలబడి దండం పెట్టింది.

అన్నయ్య మాత్రం వంగి, చిరిగిన కాగితం తీసి వాసన చూశాడు. దాన్ని అప్పకి అందించాడు. అప్ప కూడా వాసన చూసింది. "బొచ్చె సేప," అంది. "ఆవనూనెలో ఏయించింది."

పడినచోటే అంతా ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ నన్ను ఎంతసేపు తిట్టారంటే, అన్నయ్య ఎక్కాల్సిన లోకల్ వెళ్లిపోయింది. దాని తర్వాతదీ వెళ్లిపోయింది. ఎవరికీ గుర్తు లేదు. మిగతా కర్మ మా క్వార్టర్లోనే జరిగింది. పన్నెండో రోజున అన్నయ్య, బావ, అప్ప మొదటి బంతిలో పక్కపక్కనే కూర్చున్నారు. మైల చెడగొట్టిన పాపానికి రెండో బంతి నాది. వడ్డించేటప్పుడు అమ్మ నాకు మాత్రం రెండు గారెలు ఎక్కువ వేసింది.

ఎండాకాలం వచ్చేసరికి కథలోంచి చేప మాయమైంది. తర్వాత టోపీ. చివరికి నేను. పెళ్లిళ్లలో ఎవరైనా ఎత్తితే ఆధారాలతో సరిదిద్దబోయేవాణ్ణి. అన్నయ్య చెయ్యెత్తి ఆపేసేవాడు: "నీకు సదువెక్కువైపోనాది. సేప నేకపోయినా నాన్న వచ్చీవోడే." సరే, ఆ ప్రశ్న నిలిచే ఉంది: చేప లేకపోతే వచ్చేవాడా?

1988 డిసెంబరులో, నాన్న మొదటి సంవత్సరీకం నాడు, అదే ఝీల్ గట్టున, నన్ను టోపీ తీయించి దూరంగా నిలబెట్టాక అన్నయ్య ఆకులో పిండం పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. అప్ప వేయించి తెచ్చిన చేపముక్కను జేబులోంచి తీసి, పంతులుగారు అటు తిరిగినప్పుడు, పిండం కింద దోపాడు.