చిన్నాన్న ఎడమచేతి దెబ్బ

రోలుగుంట రోడ్డులో ఇప్పటికీ ఒకటి రెండు చోట్ల జీడిపిక్కలు కాలుస్తారు. ఆటో ఆ మలుపు తిరగగానే ఘాటైన నూనె పొగ ముక్కులో దూరి కళ్ళు మండిస్తుంది. పక్కనున్నవాళ్ళు చున్నీలూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుంటారు, నేను పెట్టుకోను. ఆ పొగ తగిలితే చాలు, మా చిన్నప్పటి జీడిపిక్కల గోడౌన్, దాని రేకుల మీద పడ్డ వాన, ఆ రేకుల కింద డ్రమ్ముల ముందు కూర్చున్న మా చిన్నాన్న, అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. ఇదివరకు వాటితో పాటు నవ్వు వచ్చేది. ఈ మధ్య కోపం వస్తోంది. ఆటో దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నా దిగని కోపం.

పాత రాక్ ఆల్బమ్‌లను కొత్తగా రీమిక్స్ చేస్తే అవి బాగుపడతాయా పాడవుతాయా అని సంగీతం తెలిసినవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. ఆ వాదన నాకు దూరదేశాల గొడవలా ఉండేది, అది మా ఇంటి గడప తొక్కేదాకా.

మా చిన్నాన్న పేరు నూకరాజు. నాన్నకి బాగా చిన్న తమ్ముడు కావడంతో ఇంట్లో పెద్దవాళ్ళ జట్టులోనూ ఉండేవాడు, పిల్లల జట్టులోనూ ఉండేవాడు. మాది నర్సీపట్నం శివార్లలో వరీ చెరకూ పండించే ఇల్లు, మెట్ట మీద కొంచెం జీడితోట. చలికాలం వచ్చిందంటే తెల్లారకముందే గానుగ తిరగడం మొదలయ్యేది. చెరకుపిప్పి మంట మీద పెద్ద పెనంలో రసం నురగలు కక్కుతూ మరుగుతుంటే, దుప్పట్లు కప్పుకుని చుట్టూ చేరిన పిల్లలం చెరకు ముక్కని పాకంలో ముంచి, చన్నీళ్ళలో తిప్పి, సాగదీసుకుంటూ తినేవాళ్ళం. మూతులూ చేతులూ జుట్టూ అన్నీ బెల్లమే. ఆ గానుగలోనే చిన్నాన్న కుర్రతనంలో ఎడమచేతి చివరి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అది నేను పుట్టకముందు సంగతి. నాకు తెలిసినప్పటినుంచీ ఆ చెయ్యి అలాగే ఉంది కాబట్టి, చిన్నాన్నల చేతులన్నీ అలాగే ఉంటాయనుకునేదాన్ని.

ఆ చేత్తోనే అతను దొరికినదల్లా వాయించేవాడు. నీళ్ళ బిందె, బియ్యం డబ్బా, ఎడ్లబండి పలక, వేసవి మధ్యాహ్నం ముంజలు తిని పారేసిన తాటికాయ బుర్రలు, చివరికి అన్నానికి కూర్చుంటే కంచం. "అన్నం కాడ ఆ దరువేట్రా, ఆకలి సచ్చిపోతాది," అని నాన్నమ్మ గసిరేది. గసురుతూనే ఆమె పాదం నేల మీద ఆడుతుండేది. అది నేను చూసేదాన్ని.

ఇంగ్లీషు రాక్ మా అరుగు మీదికి సూర్యంగారి వల్ల వచ్చింది. సూర్యంగారు చిన్నాన్న స్నేహితుడు, బట్టల కొట్టు వాళ్ళబ్బాయి, మంచి గొంతు. విశాఖపట్నం పోర్టులో పనిచేసే వాళ్ళ అన్నయ్య ఓడలవాళ్ళ దగ్గర కొన్న క్యాసెట్లు పంపేవాడు. ఒక్క స్పీకరు మాత్రమే పలికే టేపురికార్డరులో అవి పెడితే, గిటార్లూ డ్రమ్ములూ గొంతులూ అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, గోదాములో బస్తాలు కూలినట్టు మీదికి వచ్చేవి. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. "ఏటర్రా ఆ అరుపులు, ఎవుల్నేనా కొడతన్నారేటి?" అంది నాన్నమ్మ మొదటిరోజు. పదిరోజులు తిరిగేసరికి ఆ అరుపులు లేకపోతే మధ్యాహ్నం ఆమెకి కునుకు పట్టేది కాదు.

అలా వింటూ వింటూ వీళ్ళూ మొదలుపెట్టారు. సూర్యంగారు పాడుతూ గిటారు వాయించేవాడు, తోడుగా కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు. యలమంచిలిలో మూతబడిన ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర డ్రమ్ములు తెచ్చుకున్నారు. కాలితో తొక్కే పెడలు వెల్డింగు షాపులో చేయించారు. సైడు డ్రమ్ము కొట్టాల్సింది ఎడమచేత్తో. మిగిలిన మూడు వేళ్ళకీ పుల్ల నిలిచేది కాదు, అందుకని సైకిలు ట్యూబు ముక్కతో దాన్ని అరచేతికి కట్టుకునేవాడు చిన్నాన్న. కట్టేదాన్ని నేనే. మరీ బిగిస్తే "ఓలమ్మ, సెయ్యి ఊడగొడతావేటే గుంటా!" అని అరిచేవాడు. అలా కట్టిన చెయ్యి లేచి, దిగి, డ్రమ్ము తోలుని తాకేసరికి తాళం కంటే ఓ రవ్వ ఆలస్యమయ్యేది. నడుస్తున్న మనిషి ఎవరో పిలిస్తే ఒక్క క్షణం ఆగి మళ్ళీ అడుగు వేసినట్టు ఉండేది ఆ దెబ్బ.

"ఒరే నూకా, మళ్ళీ ఎనకబడిపోనావు. బేగి కొట్రా!" అనేవాడు సూర్యంగారు పాట ఆపేసి, అందరి ముందూ.

"కొడతన్నాను కదరా," అనేవాడు చిన్నాన్న తల దించుకుని.

రోజూ ఇదే. చిన్నాన్న రాత్రి భోజనమయ్యాక అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంటూ సాధన చేసేవాడు. తొడ కమిలిపోయేది. దెబ్బ మాత్రం తన ఆలస్యపు వేళకే పడేది.

వాళ్ళు మొదటిసారి నలుగురి ముందు వాయించింది రోలుగుంట పక్కన ఒక ఊళ్ళో, అమ్మవారి పండగ నాడు. ఆ రోజు ఆ ఊరంతా బూరెల వాసన, కోడికూర వాసన, పసుపునీళ్ళ తడి, మామిడిపూత మీదుగా వచ్చే వేడిగాలి. జనం సినిమా పాటలు వేయమని గోల పెట్టారు. వీళ్ళు భయపడుతూ భయపడుతూనే సొంత పాట ఎత్తుకున్నారు. "మన్యం బస్సు" అని, కొండల మీదికి వెళ్ళే బస్సు మీద సూర్యంగారు రాసినది. ఘాట్ రోడ్డులో బస్సు కొండ ఎక్కుతున్నట్టే ఉండేది ఆ పాట. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ముందు వరసలో ఒక ముసలాయన తలపాగా విప్పి భుజాన వేసుకుని అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాడు, ఆయన వెనక ఆడవాళ్ళు, వాళ్ళ చంకల్లో పిల్లలు. గంతులు కాదు, ఊగడం. ఆ ఆలస్యపు దెబ్బ కోసం ఒళ్ళు కొంచెం ఆగి, అది పడగానే ఇటు ఒరిగేది. నేనూ ఊగాను. అది ఎందుకలా అవుతుందో అప్పుడు తెలియదు, తప్పించుకోలేకపోవడం మాత్రం గుర్తుంది.

ఆ ఏడే జీడిపిక్కలు అమ్ముడైపోయి గోడౌన్ ఖాళీ అయ్యాక, తొలకరి రోజుల్లో, ఒక ఆల్బమ్ రికార్డు చేసుకున్నారు. విశాఖపట్నం నుంచి రికార్డింగు సామాను తెచ్చారు. గోడలకి గోనెసంచులు వేలాడదీశారు. చప్పట్లకి నన్నూ, మా వీధి పిల్లల్నీ, నాన్నమ్మనీ నిలబెట్టారు. నాన్నమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది, చప్పట్లు వినబడటమే తప్ప చీర కనబడదని ఎంత చెప్పినా వినలేదు. చివరి పాట సగంలో ఉండగా వాన వచ్చింది. రేకుల మీద కంకర పోసినట్టు వాన. ఆపుదామా అన్నట్టు సూర్యంగారు చూశాడు. చిన్నాన్న ఆపలేదు. వాన ఎంత పెరిగితే అంత గట్టిగా కొట్టాడు, ఆ రవ్వ ఆలస్యం అలాగే ఉంచి. పాట అయ్యాక నాన్నమ్మ "ఓలమ్మో, బట్టలారేసొచ్చీసేన్రా!" అని అరిచింది. అదీ క్యాసెట్టులోకి ఎక్కింది. అందరూ నవ్వారు, అదీ ఎక్కింది.

ఆ క్యాసెట్లు మా చుట్టుపక్కల ఊళ్ళలో కిళ్ళీ కొట్లలో, లారీల్లో, టీ బడ్డీల్లో కొన్నాళ్ళు తిరిగాయి. తర్వాత సూర్యంగారు హైదరాబాదు వెళ్ళి పాటల రంగంలో పైకొచ్చాడు. మిగతావాళ్ళు ఉద్యోగాలు చూసుకున్నారు. చిన్నాన్న డ్రమ్ములు అటకెక్కించి చెరకు తోటలోకి వెళ్ళిపోయాడు. ఎవరైనా ఆ క్యాసెట్టు ఊసెత్తితే "నా సెయ్యే దాన్ని సెడగొట్టింది," అనేవాడు. వేళాకోళానికి కాదు. నిజంగా అలాగే నమ్మాడు.

కిందటేడు సూర్యంగారి అబ్బాయి ఆ ఆల్బమ్‌ని రీమిక్స్ చేశాడు. సౌండ్ ఇంజనీరు. పాత టేపులోంచి గొంతు వేరుగా, గిటారు వేరుగా, డ్రమ్ములు వేరుగా విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. పుట్టిన ఊరిలోనే విడుదల చెయ్యాలని నర్సీపట్నంలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. చిన్నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో నా పక్కన కూర్చున్నాడు. సూర్యంగారు వచ్చి వాటేసుకున్నాడు. దీపాలు తగ్గించి, మనిషంత స్పీకర్లలో "మన్యం బస్సు" వేశారు.

నిజం చెప్పాలి. మొదటి నిమిషం నేనూ ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళుగా తప్పు విన్న మాటలు స్పష్టంగా వినిపించాయి. గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తెలిసింది. ఆ తర్వాత డ్రమ్ములు వచ్చాయి. దెబ్బ తాళం మీదే, గోడగడియారంలా, ఒక్క రవ్వ అటూ ఇటూ కాకుండా పడింది. నా ఒళ్ళు అలవాటుగా ఆగి, ఆగినచోటే ఉండిపోయింది.

చిన్నాన్న మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇన్నావేటే? సరిగ్గా పడతన్నాది. నా సెయ్యి సరిగ్గా పడతన్నాది!"

చివరి పాటలో వాన లేదు. నాన్నమ్మ కేక లేదు. మా చప్పట్ల స్థానంలో పెద్ద స్టేడియంలో ఎవరో కొట్టినట్టున్న చప్పట్లు. దీపాలు వెలిగాక అందరికీ కొత్త కవరు పంచారు. చిన్నాన్న కళ్ళజోడు తెచ్చుకోలేదు. కవరు నా ఒళ్ళో పెట్టి, "నా పేరెక్కడేసేర్రో సూడమ్మా," అన్నాడు.

చూశాను. రెండు వైపులా చూశాను. డ్రమ్స్ ప్రోగ్రామింగ్ అని రాసి సూర్యంగారి అబ్బాయి పేరుంది.

"లేదు చిన్నాన్నా. ఇది నువ్వు కొట్టింది కాదు. నీది తీసేసి కంప్యూటరుతో కొట్టించారు."

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అప్పుడు సూర్యంగారివైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. "సూర్యం, మరి నాను ఏ పాటలో ఉన్నానురా?"

సూర్యంగారు కొడుకువైపు చూశాడు. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు, చక్కగా వంగి మాట్లాడాడు. "అంకుల్, టైమింగ్ బాగా లేటండి. కరెక్ట్ చేద్దామని చాలా ట్రై చేశాం, కుదర్లేదు. ఇప్పటివాళ్ళు అలాంటివి వినరు కదండీ. మీ పేరు నెక్స్ట్ అప్‌డేట్‌లో పెట్టేస్తాం."

"నాను కొట్టనిదానికి నా పేరెందుకు బాబూ," అన్నాడు చిన్నాన్న. భోజనాలకి ఉండమన్నా ఉండలేదు.

నేను ఉన్నాను. ఉండి, సూర్యంగారిని అందరి ముందూ అడిగాను. ఆ అమ్మవారి పండగలో జనం ఊగింది మీ గొంతుకా, ఆ దెబ్బకా అని. అది తప్పని మీరు రోజూ చెప్పారు, చిన్నాన్న జీవితమంతా నమ్మాడు, ఇప్పుడు ఆ తప్పు కూడా ఆయనకి మిగలకుండా చేశారు కదా అని. సూర్యంగారు "అమ్మా, నువ్వు ఎమోషనల్ అవుతున్నావు," అన్నాడు. ఆ ఇంగ్లీషు మాట విన్నప్పుడు నాకు పుట్టిన కోపం ఇంతవరకూ తగ్గలేదు, తగ్గాలని కోరుకోవడమూ లేదు.

ఆ తర్వాత పంతం కొద్దీ విదేశీ రాక్ ఆల్బమ్‌ల పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. కొన్ని బాగుపడ్డాయి, కాదనను. ఎక్కడో అడుగున నలిగిపోయిన వాయిద్యం పైకి వచ్చి ఊపిరి పీల్చుకున్నట్టుంది. అలాంటి పని చేసినవాళ్ళకి దండం పెడతాను. మసి తుడవడం వేరు, మనిషిని తుడిచెయ్యడం వేరు. ఈ తేడా తెలియనివాళ్ళ చేతుల్లో ఇంత బలమైన యంత్రాలు పడటమే నా బాధ. వానని రణగొణ ధ్వని అని చెరిపేశారు. మా నాన్నమ్మని రణగొణ అన్నారు. ఆమె గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

పోనీ పాతది కూడా ఉంచండి, రెండూ ఉండనివ్వండి అని సూర్యంగారి అబ్బాయికి రాశాను. ఎవరో అభిమాని ఎప్పుడో నెట్‌లో పెట్టిన పాత క్యాసెట్టు పాటల్ని కూడా తీయించేశారు. రెండు రకాలుంటే వినేవాళ్ళు తికమకపడతారట. మా ఇంట్లోని క్యాసెట్టుకి బూజు పట్టింది, పెడితే బురదలో బండి లాగినట్టు మూలుగుతుంది. గోడౌన్ ఉన్నచోట ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. రేకులు లేవు, గోనెసంచులు లేవు, పట్టుచీర కట్టుకుని చప్పట్లు కొట్టిన మనిషి లేదు.

మొన్న మా బంధువుల ఇంట పెళ్ళి జరిగింది. నర్సీపట్నం అబీద్ సెంటర్ మీదుగా ఊరేగింపు వెళుతుంటే డీజే బండిలో "మన్యం బస్సు" వేశారు, కొత్తది. కుర్రాళ్ళు చేతులు పైకెత్తి గంతులేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకి దొరికింది అదే. వాళ్ళలో ఒకడు చెమటలు కక్కుతూ వచ్చి, అంచున నిలబడ్డ మా చిన్నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"తాతా, ఇది మనూరోళ్ళు సేసిన పాటంట. నీకు తెల్సేటి ఆళ్ళు?"

చిన్నాన్న ఆ కుర్రాడి ముఖంలోకి ప్రేమగానే చూశాడు.

"తెల్దు బాబూ," అన్నాడు.