సుగుణమ్మ నేర్చుకున్న మెమరీ బటన్

సుగుణమ్మకు షుగర్‌తో చూపు పోయింది. అప్పటిదాకా ఇబ్రహీంపట్నంలోని వాళ్ల వాడలో ఆమె చేత జాకెట్టు కుట్టించుకోని ఆడమనిషి లేదు. భర్త ఐలేష్ కంకర క్రషర్‌లో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము అతని ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. అయినా రోజూ పేపర్ చదివి వినిపించేది అతనే.

ఇక మందులు పెద్దగా పనిచేయవని దవాఖానలో చెప్పిన తర్వాత ఐలేష్ ఒక డిజిటల్ రేడియో తెప్పించాడు. బటన్లన్నీ చేతికి ఒకేలా తగిలేసరికి సుగుణమ్మ విసుక్కుంది. ఐదో నంబరు మీద చిన్న బుడిపె ఉందని, దాన్ని పట్టుకుంటే మిగతావి వాటంతటవే దొరుకుతాయని అతను ఆమె వేలు పట్టి చూపించాడు. స్టేషన్లు వెతికి మెమరీలో పెట్టాడు. ఒకటి నొక్కితే వార్తలు, రెండు నొక్కితే పాటలు. మెమరీలో పెట్టడం కూడా నేర్పబోతే ఆమె ఒప్పుకోలేదు.

"నేర్చుకో సుగుణా. నేను లేకుంటే ఎవరు పెడ్తరు?"

"ఉన్నవ్ గదా. నువ్వే పెట్టు."

వాదించే ఊపిరి అతనికి లేదు. అయినా మధ్యమధ్య ఆగుతూ ఎలాగో చెప్తూనే ఉన్నాడు. ఆమె సగం విన్నది, సగం వినలేదు.

వానాకాలం మొదట్లో ఐలేష్ పోయాడు. కర్మకాండలు అయ్యాక తమ్ముడు రాకేశ్ అక్కను తన ఇంటికి తీసుకుపోయాడు. సామాన్ల మధ్య పడి ఉన్న రేడియోలో సెల్లులు కారిపోయాయి. రాకేశ్ భార్య అనురాధ తుడిచి కొత్తవి వేసింది. సుగుణమ్మ ఒకటి నొక్కింది. గుర్రుమనే మోత. రెండు నొక్కినా అదే. మెమరీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అనురాధ కాసేపు తిప్పలు పడింది. పాట దొరికేది గానీ నిలిచేది కాదు.

"సమజైతలేదు వదినా. ఫోన్ల పాటలు పెడ్త తియ్."

వద్దని, ఆమెను పనికి పొమ్మన్నది సుగుణమ్మ.

రాకేశ్ కూడా పనికి పోవడంతో ఇంట్లో తనొక్కతే మిగిలింది. వెతికే బటన్ నొక్కి పట్టుకుంది. మోత సాగి సాగి ఒకచోట ఆగింది. ఎవరో మాట్లాడుతున్నారు. మెమరీ బటన్ నొక్కి, 'టిక్'మనగానే నంబరు కోసం తడిమింది. వేలు చేరేలోగా నంబరు నొక్కాల్సిన గడువు దాటింది. మళ్లీ అంతే. ఎన్నిసార్లు తప్పిందో. రేడియోను గోడకేసి కొడదామనిపించింది. అప్పుడు ఐలేష్ మాట తట్టింది. 'ముందుగాల్నే నంబరు మీద ఇంకో చెయ్యి పెట్టుకో.' ఎడమచేతి వేలు ఒకటి మీద ఆనించి కుడిచేత్తో మెమరీ నొక్కింది. టిక్. వెంటనే ఒకటి.

రేడియో ఆపి, మళ్లీ పెట్టి, ఒకటి నొక్కింది. ఒక ఆడగొంతు వరి నారు సంగతి చెప్తోంది.

పెళ్లయిన నాటి నుంచి నోట పలకని భర్త పేరును సుగుణమ్మ గట్టిగా పలికింది. ఆ గొంతు నారు గురించి చెప్తూనే ఉంది.

పొద్దు వాలాక అనురాధ వచ్చేసరికి రెండో నంబరులో పాటలు వస్తున్నాయి. ఎవరు పెట్టారని అడిగింది.

"నేనే," అన్నది సుగుణమ్మ. "జర అన్నం పెట్టు. పొద్దటి సంది ఏం తినలె."