గిన్నెకీ పెదవికీ నడుమ

సామోసు దీవిలో కొత్త ద్రాక్షసారా కాగు మూత తీసినరోజు, యజమాని గిన్నె ఎత్తి తాగేదాకా ఎవరూ నోరు విప్పరు. పూర్వం ఆ దీవిని ఏలిన అంకయోసు, వీపులు చిట్లగొట్టి బానిసలతో ద్రాక్షతోట వేయించాడు. "ఈ తోట రసం నీ గొంతు దిగదు" అన్నాడొక బానిస. సారా తయారయ్యాక అంకయోసు గిన్నె పట్టుకుని వాణ్ణి పిలిపించి ఎగతాళి చేశాడు. "గిన్నెకీ పెదవికీ నడుమ నూరు గండాలు" అన్నాడు వాడు. అంతలోనే తోటలో అడవిపంది పడిందని కేక. గిన్నె దించి పంది మీదికి వెళ్ళిన రాజు మళ్ళీ రాలేదు. రాజు అన్నది ఎవరికీ గుర్తులేదు, బానిస అన్నదే సామెతై నిలిచింది. నిలవదూ మరి?

ఫిలిన్న ముప్పైనాలుగేళ్ళుగా దేమార్కోసు ఇంటి బానిస. ద్రాక్ష తొక్కీ తొక్కీ మడమలు నల్లబడ్డాయి. ఆ చలికాలం తను జ్వరంతో పడి ఉన్నప్పుడు ఆమె చేసిన చాకిరీకి కరిగి, దేమార్కోసు కొత్త కాగు తీసినరోజు మొదటి గిన్నె తాగి, ముగ్గురు సాక్షుల ముందు ఆమెను విడిచిపెడతానని మాటిచ్చాడు.

ఆ పొద్దు వచ్చింది. బలిపీఠం దగ్గర సాక్షులు నిలబడ్డారు. దేమార్కోసు గిన్నె ఎత్తాడు. ఫిలిన్న అతని గొంతు వంకే చూస్తోంది. అతను తాగలేదు, నవ్వాడు.

"ఏమే, ఆ సామెత చెప్పవేం? బానిసవేగా, నీ నోటే బాగుంటుంది."

"నాకు రాదు దొరా."

"రాదా? నా పిల్లలకి ఉగ్గుపాలతో పోసింది నువ్వేగా."

"అప్పుడొచ్చేది. ఇప్పుడు మరిచిపోయా. తాగండి."

"తాగవయ్యా బాబూ" అన్నాడు సాక్షుల్లో ఒకడైన కుమ్మరి. "నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

అప్పుడే దిగువ తోటలోంచి కేక. పంది పడిందట.

కుమ్మరి మొహం మట్టి రంగుకి తిరిగింది. దేమార్కోసుకి మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. గిన్నె పీఠం మీద పెట్టి బల్లెం అందుకున్నాడు. "చంపొచ్చి తాగుతా."

ఫిలిన్న గిన్నె తీసుకుని దారికి అడ్డం నిలబడింది. బానిస అలా నిలబడితే కొరడాయే.

"తప్పుకో."

"తప్పుకోను. కొట్టేది తర్వాత కొట్టండి, ముందు తాగండి. మీరు పోతే మీ కొడుకు నాచేత ఇంకో ముప్పైనాలుగేళ్ళు తొక్కిస్తాడు. నాకంత ఆయుష్షు లేదు."

కేకలు దగ్గరవుతున్నాయి. ఆమె చేతిలో గిన్నె మాత్రం తొణకలేదు. దేమార్కోసు లాక్కుని గటగటా తాగాడు. సగం గడ్డం మీదే పోయింది.

"ఇప్పుడు చెప్పండి."

"ఫిలిన్న నాది కాదు, ఎవరిదీ కాదు. విన్నారుగా?" అని పరుగెత్తాడు.

అతను తిరిగొచ్చేదాకా ఫిలిన్న ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే అది పొరుగింటివాళ్ళ పెంపుడు పంది, మెడకి తాడు కూడా ఉంది. సాయంత్రందాకా అందరూ నవ్వుకున్నారు.

రేవు దగ్గర గుడిసెలో బుట్టలు అల్లుకుంటూ ఆమె మరో పదకొండేళ్ళు బతికింది. పెంపుడు పందికి భయపడ్డావట కదా అని ఎవరైనా దెప్పితే, చేతి పని ఆపకుండానే అనేది:

"పంది ఏదైతేనేం. తాగకుండానే దొర గిన్నె దించాడా లేదా?"