మిన్జిఫా అక్క ఇంటి పైకప్పు

చెల్నీ పట్నంలో లారీల కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఫానిస్‌కు ఉన్న గర్వం ఒక్కటే. తన ఇంట్లో పరాయివాడి చెయ్యిపడ్డ మేకు ఒక్కటి కూడా లేదు. బిల్డింగులో ఎవరైనా ప్లంబర్‌ని పిలిచారని తెలిస్తే, పాపం వాళ్ళకేదో జబ్బు చేసిందన్నట్టు జాలిపడేవాడు.

అలాంటి మనిషి ఆ సెప్టెంబరులో హాల్లో చలికాలం ఇల్లు వెచ్చబెట్టే పాత ఇనుప రేడియేటర్ పీకేసి సన్నపాటి కొత్తది బిగించాడు. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది.

"ఆ గొట్టాలు కూడా కనపడకుండా చెయ్యవయ్యా. ఆసుపత్రిలో కూర్చున్నట్టుంది," అంది భార్య రజిల్యా.

సరేనని గోడకు గాడి కొట్టి, గొట్టాలను అందులో పడుకోబెట్టి, పైన ప్లాస్టరు పూసి, రజిల్యా ఏరికోరి తెచ్చిన లేతాకుపచ్చ వాల్‌పేపర్ అంటించాడు. ఆవిడ చుట్టాలను పిలిచి మరీ చూపించింది. "గొట్టాలేవి?" అని వాళ్ళు అడిగితే, "అదే కదా మరి!" అని మురిసిపోయింది.

ఆ మురిపెం ఇంకా తీరకముందే, పని ప్యాంటు జేబులో చెయ్యి పెట్టిన ఫానిస్‌కు మెత్తగా ఏదో తగిలింది. అవిసెనార పోచ.

గొట్టాల కీళ్ళు బిగించేముందు మర చుట్ల మీద ఆ నార చుట్టాలి. లేకపోతే నీళ్ళు ఆగవు. ఒక్కో కీలుకు ఒక్కో పోచ తెంపి కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకోవడం అతని పద్ధతి. పని అయ్యేసరికి గట్టు ఖాళీ కావాలి. మరి ఇదెక్కడిది? చివరి కీలు దగ్గర ఉండగా రజిల్యా టీకి పిలిచింది. తాగొచ్చి బిగించాడు. నార చుట్టే బిగించాడా? బిగించడం గుర్తుంది. చుట్టడం గుర్తు లేదు.

చలి మొదలైంది కనక ఊళ్ళో రేడియేటర్లన్నిటికీ వేడినీళ్ళు ఇవాళో రేపో వదులుతారు. కీలు కారితే ఆ నీళ్ళు గోడ లోపల్నుంచే దిగి, కింది ఫ్లాటులో మిన్జిఫా అక్క పైకప్పులో తేలతాయి. ఆవిడ ఈ వేసవిలోనే సున్నం వేయించుకుంది. అప్పుడు బిల్డింగంతా ఏమంటుంది? పోనీ గోడ పగలగొట్టి చూద్దామంటే రజిల్యాకు ఏమని చెప్పాలి? ఫానిస్ గోడకు చెవి ఆనించాడు. ఏదో సన్నగా బుసకొట్టింది. అది తన ఊపిరే కావచ్చు. చెప్పులేసుకుని కిందికి దిగి ఉప్పు అడిగి తెచ్చుకున్నాడు. మర్నాడు మళ్ళీ దిగాడు.

"అక్కా, కాస్త ఉప్పుందా?"

"నిన్ననే పట్టుకెళ్ళావు కదరా తమ్ముడూ! ఇంట్లో గొర్రెల్ని గానీ కట్టేశారా?"

మిన్జిఫా అక్క గడప తొక్కినవాడు టీ తాగకుండా తిరిగి వెళ్ళడం జరగదు. పాలు పోసిన టీ వచ్చింది. మాంసం, బంగాళాదుంప కూరిన మూడుమూలల ఎచ్‌పొచ్మక్ వచ్చింది. ఫానిస్ తింటూనే తలెత్తి పైకప్పును మూల మూలా వెతికాడు.

"అక్కడేముందిరా?"

"ఏం లేదక్కా. సున్నం బాగా పట్టింది."

మూడోరోజు అగ్గిపెట్టె కోసం వెళ్ళాడు. ఆ తర్వాత ఏమీ అడక్కుండానే వెళ్ళి కూర్చున్నాడు. తినొచ్చాక ఇంట్లో సూపు సహించేది కాదు. గిన్నె అటు జరిపేవాడు, కిటికీ దాకా నడిచేవాడు, వచ్చి గోడ తడిమేవాడు. రజిల్యా చూసి చూసి ఊరుకునేది.

వేడినీళ్ళు వదిలిన రోజు బిల్డింగంతా గొట్టాలు గుడగుడలాడాయి. ఆ గుడగుడ మధ్యలో రజిల్యా తలుపు ధడాలున తోసుకుని లోపలికి వచ్చింది.

"నేను నిన్ను పస్తులు పెడుతున్నానట! వాకిట్లో బెంచీ మీద ఆడాళ్ళంతా అదే మాట. రోజూ మిన్జిఫా అక్క దగ్గరికెళ్ళి, తింటూ ఆకాశంకేసి చూసి దణ్ణం పెట్టుకుంటున్నావట!"

"ఆకాశం కాదు, పైకప్పు."

"ఏదైతేనేం! నా సూపుకేం రోగమొచ్చింది?"

ఇక దాచి లాభం లేదు. "సూపుకేం కాదు రజిల్యా. గోడకే. లోపలొక కీలుకు నార చుట్టలేదేమోనని..."

రజిల్యా వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కొయ్యి."

"వాల్‌పేపరు..."

"నా వంట పరువు కంటే ఎక్కువా? కొయ్యి!"

కోశాడు. ఉలితో ప్లాస్టరు రాల్చాడు. కీలు బయటపడింది. చుట్టూ నార పోచలు ముసలాయన గడ్డంలా బయటికి వచ్చి ఉన్నాయి. వేలు పెట్టాడు. వెచ్చగా ఉంది, పొడిగా ఉంది. ఒక్క చుక్కయినా కారుతుంటే బాగుండేదనిపించింది అతనికి.

"మరి ఇదెక్కడిది?" అని జేబులో పోచ తీసి చూపించాడు.

"అదా? నీ నార కట్టలోంచి జారి నేల మీద పడుంటే, ఊడుస్తూ నీ జేబులో పెట్టాను. పారేస్తే అరుస్తావని."

"చెప్పొచ్చు కదా!"

"నువ్వడగొచ్చు కదా!"

ఆ కంతకు ఫానిస్ చిన్న చెక్క తలుపు బిగించాడు. దాని మీదా లేతాకుపచ్చ కాగితమే అంటించాడు. అది ఎవరి కంటా పడదని అతని నమ్మకం. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు దాన్నే చూసేవారు.

ఆ ఆదివారం మిన్జిఫా అక్క తీపి రొట్టె చేసుకుని పైకి వచ్చింది. సంగతంతా అప్పటికే బెంచీ దాకా పాకింది. రజిల్యా టీ పోసింది. అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, తలెత్తి, పైకప్పుకేసి రెప్ప వెయ్యకుండా చూస్తూ నమలసాగింది.

"అక్కడేముందక్కా?" అన్నాడు ఫానిస్ బిక్కమొహంతో.

"ఏం లేదురా తమ్ముడూ. సున్నం బాగా పట్టింది."

రజిల్యాకు నవ్వాగక టీ బల్ల మీద ఒలికింది. ఫానిస్ మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి, చిన్న తలుపు తెరిచి, కీలు మీద వేలు పెట్టి చూశాడు.