అగ్ని అని మూడుసార్లు అరవవలెను

మంటలార్పడానికి ఎనిమిది మంది మగవాళ్ళు, వాళ్ళ మీద ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, వీళ్ళందరికీ కలిపి పదకొండు నిబంధనలు. బహ్రెయిన్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు పెట్టుకున్న దళం అది. ఎన్నేళ్ళు గడిచినా ఆ నిబంధనల కాగితం గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సముద్రం మీద సౌదీకి వంతెన కడుతున్న రోజులవి. మేం హూరాలో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఫ్లాటులో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక ఆఫీసులో టైపిస్టు. నేను చిన్న క్లినిక్‌లో నర్సుని. ప్రతి శుక్రవారం పొద్దున మా వీధిలోనే ఒక మేడ మీది హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. కింద దర్జీ దుకాణం, దాని పక్కన కోల్డ్ స్టోరు అనే చిల్లర కొట్టు. పైన హాలు, హాలు వెనక సందులాంటి వంటగది. నెలకోసారి ప్రేమ విందు అని సంఘమంతటికీ అక్కడే వండుకునేవాళ్ళం.

ఆ హాలు మాకు దొరికింది సంఘ పెద్దల పలుకుబడి వల్ల కాదు. కోనసీమ నుంచి వచ్చిన ఒక పనిమనిషి వల్ల. ఆమె మహూజ్‌లో ఒక బహ్రెయినీ ఇంట్లో పనిచేసేది. మా వాళ్ళు చోటు కోసం తిరుగుతున్నారని తెలిసి, ఆమె తనకొచ్చిన నాలుగు ముక్కల వంటింటి అరబీలో, చేతులు తిప్పుతూ, వాళ్ళ మేడమ్‌ను బతిమాలింది. ఆ మేడమ్ తమ్ముడిదే ఈ మేడ. అలా దొరికింది హాలు. ఈ సంగతి మా సంఘం పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

ఆమెకు శుక్రవారం రెండున్నర గంటలు సెలవు. డ్రైవరు తొమ్మిదింటికి దింపి, పదకొండున్నరకు హారన్ కొట్టేవాడు. వారమంతా ఆ ఇంట్లో తెలుగు మాట వినపడదు కదా, మెట్లెక్కుతూనే మొదలుపెట్టేది. మేడమ్ మనవడికి పళ్ళొచ్చిన సంగతి, కలలో వాళ్ళమ్మ కనిపించిన సంగతి, ఇక్కడివాళ్ళకు చేపలు తోమడం రాదన్న సంగతి. ప్రసంగం జరిగేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఆమె హాల్లో కూర్చునేదే కాదు. వంటగదిలో చేరి, ఉల్లిపాయలు తరుగుతూ, హారన్ మోగేదాకా మాట్లాడేది. "ఇక్కడ మాట్టాడితేనే మళ్ళీ శుక్కురారం దాకా ఊపిరాడుద్దండి ఒదినగారూ" అనేది నాతో.

ఇంతలో మేడ యజమాని ఒక మాటన్నాడు. మీరు పైన వండుతున్నారు, కింద దర్జీ కొట్టునిండా గుడ్డలు. మంట అంటుకుంటే ఆర్పడానికి మీలో మీరే ఒక జట్టు పెట్టుకోండి, దానికి నియమాలు రాసి నాకివ్వండి, లేకపోతే హాలు ఖాళీ చెయ్యండి అని. న్యాయమైన మాటే. ఆయన మీద నాకే కోపమూ లేదు.

నా కోపమంతా మా వాళ్ళ మీద. మూడు శుక్రవారాలు కూర్చుని చర్చించారు. మొదటి వారమంతా పేరు మీదే పోయింది. చివరికి 'అగ్నిమాపక స్వచ్ఛంద సేవా దళం' అని నిలబెట్టారు. రెండో వారం బ్యాడ్జీ ఏ రంగుదా అని. మూడో వారం నిబంధనలు. సంఘంలో అందరికంటే పెద్దాయన, ఒక గ్యారేజీలో సూపర్‌వైజరు, ఆయనే దళానికి అధ్యక్షుడు. చేతిరాత బాగుంటుందని మా ఆయన కార్యదర్శి. దళ సభ్యులు బాప్తిస్మము పొందిన పురుషులై యుండవలెను. ప్రమాదమును చూచినవారు అగ్ని అని మూడుసార్లు బిగ్గరగా అరవవలెను. అధ్యక్షుని అనుమతి లేనిదే మంటలార్పు ఎర్ర సిలిండరును ఎవరును ముట్టరాదు. ఇలా పదకొండు. అన్నీ బైబిలు తెలుగులోనే.

"పాత నిబంధన, కొత్త నిబంధన అయిపోయాయి, ఇది మంటల నిబంధనా?" అని మా ఆడవాళ్ళలో ఎవరో అంటే నవ్వుకున్నాం. నవ్వడం అయ్యాక నేను లేచి అడిగాను.

"పొయ్యి దగ్గర ఉండేది మేం. దళంలో మాలో ఒక్కరి పేరైనా లేదేం?"

పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. "సిస్టర్, చీరలు కట్టుకుని మంటల దగ్గరికి ఎలా వెళ్తారమ్మా? మీ క్షేమం కోసమే."

"మరి రోజూ పొయ్యి దగ్గరికి ఏం కట్టుకుని వెళ్తున్నామండీ?"

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. మా ఆయన తల దించుకుని రాసుకుంటూ పోయాడు. కాలిన ఒంటికి కట్టు కట్టడం నా ఉద్యోగం. ఆ ఎనిమిది మందిలో ఇంట్లో స్టవ్వు వెలిగించడం వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా బ్యాడ్జీలు వాళ్ళకే. ఎర్ర సిలిండరు తెచ్చి వేదిక పక్కన గోడకు తగిలించారు. వంటగదికి అదెంత దూరమో ఎవరూ చూసుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రేమ విందు నాడే జరిగింది. పలావు దించేశాం. ఆ కోనసీమ ఆమె, నేను అప్పడాలు వేయిస్తున్నాం. హాల్లో ప్రార్థన మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి పొయ్యికీ గ్యాసు బండకీ మధ్య రబ్బరు ట్యూబు అంటుకుంది. నీలం మంట బుస్సుమంటూ బండ వైపు పాకుతోంది. నేను హాల్లోకి పరిగెత్తాను. పరిగెత్తి, ఏం చెప్పమంటారు, నిబంధన ప్రకారమే అరిచాను.

"అగ్ని! అగ్ని! అగ్ని!"

"ఆమెన్!" అంది హాలంతా.

ప్రార్థనలో వాళ్ళు సరిగ్గా అప్పుడు అడుగుతున్నది పరిశుద్ధాత్మ అగ్నినే. నాకూ ఆత్మావేశం వచ్చిందనుకున్నారు. ఎవరో బ్రదర్ "ఇంకా ప్రభువా, ఇంకా" అన్నాడు. ముందు వరసలో బ్యాడ్జీలు పెట్టుకున్న ఎనిమిది మందీ కళ్ళు మూసుకుని చేతులెత్తారు. నేను మళ్ళీ అరిచాను. మళ్ళీ హల్లెలూయా అన్నారు. అప్పుడు నా నోటికి నా తెలుగు తిరిగొచ్చింది.

"ఆ అగ్ని కాదర్రా, కళ్ళు తెరవండి! వంటింట్లో గ్యాసు అంటుకుంది!"

కుర్చీలు ఎటుపడితే అటు పడ్డాయి. అధ్యక్షుడు గోడ మీద నుంచి ఎర్ర సిలిండరు తీసి, పిన్ను ఎలా లాగాలో తెలియక తిప్పుతూ, దళంతో సహా వంటగదికి వచ్చేసరికి అక్కడ మంట లేదు. ఆమె బియ్యం గోనెసంచి సింకులో ముంచి బండ మీద వేసి, గోనె కిందికి చెయ్యి పోనిచ్చి బండ కట్టేసింది. అంత వేడిలో ఆ పిడి తిరిగేదాకా పట్టుకునే ఉంది. కుడి అరచెయ్యి, మణికట్టు దాకా తోలు లేచిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని, "అయిపోయిందండి, ఏం పర్లేదండి" అంటోంది. సరిగ్గా అప్పుడు పిన్ను ఊడింది. ఆరిపోయిన పొయ్యి మీదా, మా పలావు మీదా, ఆమె మీదా తెల్లటి పొడి కురిపించాడు పెద్దాయన.

నేను అక్కడే ఆమె చెయ్యి చల్లటి నీళ్ళ కింద పెట్టి, పొడి కడిగి, క్లినిక్‌కు తీసుకెళ్ళి కట్టు కట్టించాను. డ్రైవరు ఆ రోజు చాలాసేపు హారన్ కొట్టాడు.

జరిగిందేమిటో రాసిమ్మన్నాడు మేడ యజమాని. ఆ శనివారం మా ఆయన ఇంటి దగ్గర టైపు మిషను ముందు పెట్టుకుని ఉత్తరం తయారుచేశాడు, పెద్దాయన చెప్పినట్టే. పూర్తయ్యాక నాకు తెలుగులో చెప్పాడు. సంఘ సభ్యురాలు కాని ఒక పనిమనిషి అజాగ్రత్త వల్ల వంటగదిలో మంట లేచినది, మా దళం నిబంధనల ప్రకారం ఎర్ర సిలిండరు వాడి నిమిషాల్లో ఆర్పివేసినది.

"ఇదేంటి? ఆర్పింది ఆమె కదా?"

"పేరు రాయలేదుగా" అన్నాడు. "దళం ఏం చెయ్యలేదని రాస్తే హాలు పోతుంది. అందరం రోడ్డున పడతాం. ఒక్కసారికి ఊరుకో."

ఊరుకున్నాను. అంత నోరున్న దాన్ని, ఆ ఒక్కసారే ఊరుకున్నాను. ఆ తప్పు నాది. దాన్ని ఎవరి మీదికీ తొయ్యను.

తర్వాతి శుక్రవారం ఆమె రాలేదు. చెయ్యి నొప్పేమో అనుకున్నాం. ఆ పై వారమూ రాలేదు. మూడో వారం ఉండబట్టలేక కోల్డ్ స్టోరు నుంచి ఆ ఇంటికి ఫోన్ చేశాను. అదృష్టం, ఆమే ఎత్తింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"నాకు శుక్కురారం ఆపేశారండి ఒదినగారూ. మేడమ్ తమ్ముడికేదో కాయితం వచ్చిందంటండి. అది మేడమ్‌కి చూపించాడంట. నువ్వక్కడ నిప్పు పెట్టావంట, రేపు నా ఇంట్లోనూ పెడతావా, ఇంక ఖలాస్, ఎల్లొద్దు అన్నారండి." మళ్ళీ తనే అడిగింది. "నేనే అంటించానంటండి?"

యజమాని అక్క ఇంట్లోనే ఆమె పనిచేస్తుందని మాలో ఎవరికి తెలియదు? ఆ అక్క దయవల్లే కదా ఆ హాలు. రాసేటప్పుడు ఒక్కడికైనా తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఉన్నారో, అది దేవుడికి తెలియాలి.

ఆ శుక్రవారం సాక్ష్యాల సమయంలో పెద్దాయన లేచి, మన దళం ద్వారా దేవుడు హాలును కాపాడిన విధం గురించి చెప్పాడు. నేను లేచి, కాపాడిందెవరో చెప్పి, ఆ ఉత్తరం అబద్ధమని ఇంకో ఉత్తరం రాయమన్నాను. "సిస్టర్, సమయం లేదమ్మా. సత్యం దేవునికి తెలుసు" అన్నాడాయన. దేవుడికి తెలిస్తే సరిపోతుందా? మహూజ్‌లో మేడమ్‌కు తెలియాలి గానీ! ఆ సాయంత్రం కమిటీ కూర్చుని ఏం చేసిందో తెలుసా? పన్నెండో నిబంధన చేర్చింది. వంటగదిలో పనిచేయు స్త్రీలు జాగ్రత్త వహించవలెను.

ఆ కాగితం మా ఆయన ఇంటికి తెచ్చిన రోజు నేను అన్నం వండలేదు. "నువ్వు రాసిన చేత్తోనే దిద్దు. నాతో మహూజ్ వస్తావా, లేకపోతే ఈ శుక్రవారం ఆ ఉత్తరం హాల్లో నేనే చదవనా?" అన్నాను. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. మర్నాడు కార్యదర్శి పదవి వదిలేసి, డ్యూటీ దిగాక నాతో టాక్సీ ఎక్కాడు.

మేడమ్ మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టింది. ఆమె చిన్నప్పుడు బొంబాయిలో ఉందట, హిందీ ధారాళంగా మాట్లాడింది. మా ఆయన హిందీ అంతంతమాత్రం, నాది కొంచెం నయం. ఆయన తడబడుతూ అంతా చెప్పాడు. మంట ఎలా లేచిందో, గోనె ఎవరు వేశారో, మేం వచ్చేసరికే ఎలా ఆరిపోయిందో. ఆ ఉత్తరం తానే రాశానని, అది అబద్ధమని కూడా చెప్పాడు. ఎక్కడైనా ఆగితే నేను అందించాను. ఇంతలో మా కోనసీమ ఆమె చాయ్ తెచ్చింది. ట్రే ఎడం చేత్తో పట్టుకుని, కుడి మణికట్టు దాని కింద ఆనించి. అరచేతిలో కొత్త తోలు గులాబీ రంగులో మెరుస్తోంది. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. మమ్మల్ని చూసి ఆమె మొహం ఎంత విప్పారిందో.

మేడమ్ అంతా విని, ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కీ ముందుకూ తిప్పి చూసింది. తర్వాత మా వైపు తిరిగింది. మేడమ్‌కూ కోపమొచ్చింది, నాకొచ్చినంత.

"మీ కాగితం చూసి, ఈమె అజాగ్రత్త మనిషి అనుకుని ఆపాను. పొరపాటు నాదే. కానీ చెయ్యి కాల్చుకుని మీ హాలు కాపాడితే, మీరు ఆమె గురించి అలా రాశారు. ఇప్పుడు తెలిసి తెలిసి, అలాంటి వాళ్ళ దగ్గరికి నా మనిషిని పంపమంటారా? పంపను."

అందులో తప్పు ఎక్కడుందని వాదించాలి?

హిందీ రాదు కాబట్టి ఆమె మా మొహాల్లోకి మార్చి మార్చి చూస్తోంది. "ఏమంటన్నారండి ఒదినగారూ? వచ్చే శుక్కురారం రమ్మన్నారాండి?"

చెప్పాల్సింది నేనే. మేడమ్ అన్నది ఒక్క ముక్క తగ్గించకుండా తెలుగులో చెప్పాను. ఆమె విని, ట్రే బల్ల మీద పెట్టి, మేడమ్‌కు ఎలా చెప్పాలో తెలియక నా వైపే చూసి అంది.

"అలా అనుకోవద్దని చెప్పండి ఒదినగారూ. తప్పయినా ఒప్పయినా మా వాళ్ళేనని చెప్పండి."

ఆ రెండు ముక్కలు హిందీలో చెప్పడం నాకు రాక కాదు. చెప్పి ఉంటే మేడమ్ మనసు మారేదేమో కూడా. కానీ ఆ ఉత్తరం రాసిన మా ఆయన పక్కన కూర్చుని, మావాళ్ళందరి తరఫునా ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.