టాంజానియా తర్వాత, థాయిలాండ్‌కు ముందు

మొన్నొక రోజు ఫోన్‌లో ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ కొందామని కూర్చున్నాను. అన్నీ నింపాక 'మీ రాష్ట్రం ఎంచుకోండి' అని ఒక జాబితా తెరుచుకుంది. బొటనవేలితో తోయడం మొదలుపెట్టాను. అస్సాం వెళ్లింది, బీహార్ వెళ్లింది, గోవా, కేరళ, మణిపూర్, నాగాలాండ్ వెళ్లాయి. దేశమంతా తిరిగి తమిళనాడు పొలిమేర దాటితే గానీ మనం రాలేదు. వచ్చామన్న సంతోషంలో నొక్కితే వేలు జారి త్రిపుర పడింది. గాస్కెట్ ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఇదివరకు ఏపీలో ఉన్నప్పుడు ఈ బాధ లేదు, జాబితా తెరవగానే పైనే ఉండేవాళ్లం. రాష్ట్రం కోసం అంతమంది అన్ని రోజులు టెంట్ల కింద కూర్చున్నారు గానీ, ఇంగ్లీషు అక్షరాల వరుసలో మన జాగ ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు.

అడగాల్సింది నేను. ఎందుకంటే రాష్ట్రం రాకముందే ఈ అక్షరం దెబ్బ రుచి చూసింది మా ఇల్లే. ఒక ఎనిమిదేళ్ల పిల్ల చదువునూ, మా బావ ఉద్యోగాన్నీ, మా అక్క కాపురాన్నీ ఒకే మెయిల్‌లో మూటగట్టి సముద్రం మీదుగా గిరవాటు వేసిన ఘనత నాది. ఇప్పుడు చెప్పబోయేది ఆ విషయమే. మీరు నవ్వుకోవచ్చు. మా అక్క మాత్రం ఇప్పటికీ నవ్వలేదు.

మా బావ సత్యం మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో నక్షాలు గీసేవాడు. అక్క రాజమణి, మేనకోడలు శ్రావ్య సిద్దిపేటలో మా దగ్గరే ఉండేవాళ్లు. మూడేళ్లు ఎదురుచూశాక కంపెనీ వాళ్లు బావకు కుటుంబంతో ఉండే క్వార్టర్ ఇస్తామన్నారు. షరతు ఒక్కటే. పిల్లకు అక్కడ బడిలో సీటు ఖాయమైనట్టు కాగితం చూపించాలి. ఆ బడి మన గల్లీ చివర రేకుల షెడ్డు కింద నడిచే ఇంగ్లీష్ మీడియం కాదు. నలుమూలల దేశాల నుంచి అక్కడికి పనికి వచ్చినవాళ్ల పిల్లల కోసం పెట్టిన అంతర్జాతీయ పాఠశాల. నెలాఖరులోపు సీటు రాకపోతే క్వార్టర్ వరసలో ఉన్న మరొకరికి పోతుంది, మనవాళ్ల పేరు మళ్లీ కిందికి పోతుంది. అక్క అప్పటికే రెండు సూట్‌కేసులు కొని, వాటిని మంచం కింద పెట్టి, రోజుకోసారి బయటికి లాగి చూసుకుంటోంది.

ఇంట్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివింది నేనొక్కడినే. ఏ పనీ లేకుండా ఉన్నదీ నేనొక్కడినే. కాబట్టి ఆ బాధ్యత నాకు దక్కింది.

"ఏం లేదు శీనూ, ఫారం నింపి పంపుడే," అన్నాడు బావ ఫోన్‌లో. "అడిగినకాడికి రాయి. సొంతంగ ఏం రాయకు."

ఆ చివరి మాట నన్ను కొంత నొప్పించింది.

నొప్పించడానికి కారణం ఉంది. అప్పట్లో ఊరంతా ఉద్యమంలో ఉండేది, నేను కూడా. కానీ నా గొంతు సన్నం. శిబిరంలో ఒకసారి మైకు నా చేతికిస్తే, నేనిచ్చిన నినాదం విని ఎదురుగా ఉన్న పాలాయన "ఏం గావాలె బిడ్డా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి నాకు మైకు బదులు పెన్ను ఇచ్చారు. వినతిపత్రాలు నా శాఖ. తహసీల్దారుకు రాశాను, ఆర్డీవోకు రాశాను, బస్సు డిపో మేనేజరుకు రాశాను. ఒకరోజు బంద్ వల్ల మరే అధికారీ దొరక్కపోతే పశువుల దవాఖాన డాక్టరుకు రాసి, ఆయన చేతికే ఇచ్చి ఫొటో దిగాం. పైన ఏం రాసినా ఆఖరి వాక్యం మాత్రం ఒకటే: "లేనిపక్షంలో ఆందోళనను ఉధృతం చేస్తామని ఇందుమూలంగా హెచ్చరిస్తున్నాము." నా చెయ్యి దాన్ని నన్ను అడక్కుండానే రాసేది. అవ్వకు కిరాణా చీటీ రాసిచ్చినా, కింద జాగ మిగిలితే చెయ్యి అటే పోయేది.

ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఖలీల్ భాయ్ నెట్ సెంటర్‌లో ఫారం తీయించి అక్కడే నింపడానికి కూర్చున్నాను. పుట్టిన ఊరు, సిద్దిపేట. పుట్టిన రాష్ట్రం. అక్కడ ఒక గడి. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపేసి టీజీ రాసుకుంటున్న రోజులవి. మా టీవీఎస్ మీద నేనే రాశాను, కొంచెం వంకర పోయింది. బండికి ఒక నీతి, పిల్లకు ఒక నీతా? గడిలో పెద్ద అక్షరాలతో తెలంగాణ అని రాశాను.

ఖలీల్ భాయ్ వెనక నుంచి తొంగి చూశాడు. "పాస్‌పోర్టుల గిట్ల లేదు గద భయ్యా."

"అది పాతది భాయ్."

"పోయిన నెలనే వచ్చింది. జిరాక్స్ నేనే తీసిన."

నేను వినలేదు. ఉద్యమకారుడు చిన్న చిన్న విషయాలకు ఆగడు.

ఇక టీసీ కావాలి. శ్రావ్య చదివే బడికి నేను వెళ్తే, బంద్ అని తాళం. హెడ్మాస్టరు నర్సింలు సారు రాజీవ్ రహదారి మీద, వంటా వార్పులో ఉన్నాడని చెప్పారు. వెళ్లాను. రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు, లారీలు కనుచూపుమేర ఆగి ఉన్నాయి. సారు లుంగీ ఎగ్గట్టి కిచిడీ కలుపుతున్నాడు. టీసీ పుస్తకం, స్టాంపు చేతిసంచిలోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరి పిల్లలు ఎప్పుడు టీసీ అడుగుతారో, బడి ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు కదా. గంటె పక్కవాడికిచ్చి, ఉప్పు బస్తా మీద పుస్తకం పెట్టి రాయడం మొదలుపెట్టాడు.

"రాష్ట్రం అని ఉంది శీనూ. ఏం రాయాలె?"

"మీకు తెల్వదా సార్?" అన్నాను, కొంచెం గట్టిగానే.

పొయ్యి చుట్టూ ఉన్న పదిహేను మంది సారు పెన్ను వైపు చూశారు. సారు రాశాడు. స్టాంపు కొట్టాడు. ఆ స్టాంపులో ఏపీ అన్న రెండక్షరాలను ఆయన బ్లేడుతో ముందే కోసేశాడు, అందుకని ఊరి పేరు తర్వాత పన్ను ఊడినట్టు ఒక ఖాళీ పడింది. టీసీకి ఒక మూల పసుపు మరక అంటింది. నాకు అది శుభసూచకంగా తోచింది.

అన్నీ పంపిన వారానికి మస్కట్ బడి నుంచి జవాబు వచ్చింది. మర్యాదగా, నాలుగు వాక్యాలు. పాస్‌పోర్టులో ఒక రాష్ట్రం ఉంది, ఫారంలో, టీసీలో మరొకటి ఉంది, రెండోది మా జాబితాలో ఎక్కడా లేదు, ఏది సరైనదో దయచేసి తెలపండి.

"తప్పు పడ్డది, మాఫ్ జేయుండ్రి అని రాయి, అయిపాయె," అంది అక్క.

"తప్పు అని ఎట్ల రాస్త అక్కా? నా చేతుల మీదుగనా?"

"నీ చేతులు ఏమన్న బంగారపువా?"

"సూత్రం అక్కా. సూత్రం."

"సూత్రం నా మెడల ఉన్నది. మూడేండ్ల సంది గది ఒక్కటే ఉన్నది నా తాన."

నేను లేచి నెట్ సెంటర్‌కు వెళ్లిపోయాను. అక్కడ కూర్చుని ఆ పాఠశాలకు మన చరిత్ర మొత్తం రాశాను. నిజాం దగ్గర మొదలుపెట్టాను. నదులు, నీళ్లు, కొలువులు, ఒప్పందాలు, వాటి ఉల్లంఘనలు, ఒక్కొక్కదానికీ ఒక ఉపశీర్షిక. నాలుగు పేజీలయ్యాయి. ఇంగ్లీషు ఎంత ఎత్తుకు పోయిందంటే, దిగి రావడానికి నాకే మెట్లు దొరకలేదు.

ఖలీల్ భాయ్ తెర మీద చూసి, "నువ్వు అడిగేది సీటా, రాజ్యమా మియా?" అన్నాడు.

"విషయం అర్థం కావాలె గద భాయ్."

"వాళ్లకా, నీకా?"

పంపేశాను. పంపే ముందు ఆఖరి పేరా ఒకసారి చదివి ఉండాల్సింది. చదవలేదు.

రెండో రోజు పొద్దున్నే బావ ఫోన్. బావ నెమ్మదైన మనిషి. ఆ రోజు ఇంకా నెమ్మదిగా మాట్లాడాడు, అదే భయంగా ఉంది.

"శీనూ, బడోళ్లకు ఏమన్న రాసినవా?"

"రాసిన బావా. వివరంగ రాసిన."

"చివర్ల ఏం రాసినవో గుర్తున్నదా?"

గుర్తుకు రాలేదు. బావే చదివి వినిపించాడు. పిల్ల సీటు విషయంలో తక్షణం నిర్ణయం తీసుకోవాలట, లేనిపక్షంలో ఆందోళనను ఉధృతం చేస్తామని ఇందుమూలంగా హెచ్చరిస్తున్నామట. ప్రతులు ఎవరెవరికి అన్నచోట తహసీల్దారు, సిద్దిపేట అని కూడా ఉందట.

"వాళ్లు దాన్ని మా కంపెనీకి పంపిన్రు," అన్నాడు బావ. "మా మేనేజరు నన్ను పిలిచి కూసోవెట్టిండు. నీకెంతమంది మనుషులున్నరు, ఎప్పుడొస్తున్నరు అని అడుగుతుండు. గిది ఏ దేశమనుకున్నవ్ రా? గీడ ఆందోళన అన్న మాట అంటెనే విమానం ఎక్కిస్తరు. కుటుంబాన్ని గిక్కడికి తెచ్చుకుందామంటె, నన్నే గక్కడికి తోలిచ్చేటట్టున్నవ్."

ఫోన్ పెట్టేశాక అక్క మంచం కింద సూట్‌కేసులు రెండూ బయటికి లాగి, అటక మీద పెట్టమని నాకే ఇచ్చింది. నేను పెట్టాను. అవి ఖాళీవే, అయినా చాలా బరువుగా ఉన్నాయి.

మర్నాడు బడి ప్రిన్సిపాల్ స్వయంగా కుటుంబంతో కంప్యూటర్‌లో ముఖాముఖి మాట్లాడతానని కబురు చేసింది. ఆవిడ మాటే ఆఖరు. ఖలీల్ భాయ్ ఆ పూట మిగతా గిరాకీలను పంపేసి, మాకోసం కెమెరాకు పట్టిన దుమ్ము కూడా తుడిచాడు. అక్క నా పక్కనే కూర్చుంది.

"ఆమె అడిగింది నాకు చెప్పాలె. నేను చెప్పింది ఆమెకు చెప్పాలె. నడుమ నీది ఒక్క ముచ్చట గూడ ఉండొద్దు," అంది.

తెర మీద తెల్లజుట్టు ఆవిడ, ముందు నా నాలుగు పేజీలు. అక్కడక్కడ గీతలు కూడా గీసి ఉన్నాయి. చదివిందన్న మాట. ముందు శ్రావ్యను పలకరించింది.

"పోయిన ఏడాది బడిలో ఏం చేశారమ్మా?"

శ్రావ్యకు ఇంగ్లీషు ఆ మాత్రం వచ్చు. "బంద్, మేడం."

"నీకు బాగా ఇష్టమైన పాఠం?"

"బంద్, మేడం."

ఆవిడ నా వైపు చూసింది. అక్క బల్ల కింద నా తొడ గిల్లింది. ఆ గిల్లుడుకు అనువాదం అవసరం లేదు.

"ఒక్క సంగతి చెప్పండి," అంది ఆవిడ నాతో. "మీరు ఉధృతం చేయబోయేది కచ్చితంగా ఏమిటి? గేటు దగ్గర కాపలా పెంచమంటారా?"

"లేదు మేడం. అది మా దగ్గర ఉత్తరం కింద రాసే 'ఇట్లు, భవదీయుడు' లాంటిది."

ఆవిడ కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత చెప్పింది, తనది స్కాట్లాండ్ అని. వాళ్ల నాన్న కూడా అచ్చం ఇలాంటి ఉత్తరాలే రాసేవాడట, పోస్టాఫీసుకూ, రైల్వేకూ, చివరికి గొర్రెల ఉన్ని కొనేవాడికి కూడా. ఎన్నాళ్ల తర్వాతో ఇలాంటి ఉత్తరం మళ్లీ చదివానంది. మా బడిలో పిల్ల ఎక్కడి నుంచి వచ్చానంటే అక్కడి నుంచే వచ్చినట్టు రాసుకుంటాం, కాగితాల సంగతి నేను చూసుకుంటాను, మీ బావ మేనేజరుతో కూడా నేనే మాట్లాడతాను అంది. తర్వాత శ్రావ్యను అడిగింది. "ఇంకేమైనా చెప్పాలా?"

"మా నాయిన తానికి ఎప్పుడు రావాలె?" అంది శ్రావ్య, తెలుగులోనే. ఇది మాత్రం నేను సొంత ముచ్చట ఏదీ కలపకుండా అనువదించాను.

సీటు వచ్చింది. సూట్‌కేసులు అటక దిగాయి. అక్క విమానం ఎక్కుతూ కూడా నాతో మాట్లాడలేదు గానీ, నేను గెలిచాననే అనుకున్నాను. ఇక్కడితో అయిపోతే ఇది గొప్ప కథ అయ్యేది.

ఆ బడిలో ఏడాదికోసారి దేశాల పండుగ చేస్తారు. పిల్లలు తమ తమ దేశం పేరున్న బోర్డు కింద నిలబడాలి, ఇంటి నుంచి తెచ్చిన వంటకం పంచాలి, పేరు పిలిచినప్పుడు వేదిక ఎక్కాలి. ప్రిన్సిపాల్ మేడం మాట మీద నిలబడే మనిషి. నా నాలుగు పేజీలనూ గౌరవించి, శ్రావ్యకు విడిగా ఒక బోర్డు రాయించింది. తెలంగాణ.

ఆ సంగతి అక్క ఫోన్‌లో చెప్పగానే నేను మిగతాది వినలేదు. పరుగున శిబిరానికి వెళ్లి చెప్పాను. మైకు నా చేతికే ఇచ్చారు. "మస్కట్‌ల గుర్తించిన్రు" అన్నాను సన్నగా. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ రోజు మాత్రం పాలాయన ఏమీ అడగలేదు.

మిగతాది తిరిగొచ్చాక, ఖలీల్ భాయ్ నెట్ సెంటర్ నుంచి అక్కకు మళ్లీ ఫోన్ చేసి విన్నాను. ఇండియా బోర్డు కింద పిల్లలు జాతరలా ఉన్నారట, డోలు కూడా ఉందట. మన పిల్ల మాత్రం మైదానం ఆ చివర, టాంజానియాకూ థాయిలాండ్‌కూ మధ్య, సకినాల డబ్బా పట్టుకుని ఒక్కతే. వచ్చినవాళ్లంతా ఆగి, ఈ దేశం ఎక్కడుందని అడిగారట. "మా మామకు తెలుసు" అందట. ఒక పిల్లవాడు మీ రాజు ఎవరని అడిగితే, దానికీ "మా మామ" అనే చెప్పిందట. తన పిల్లలతో వచ్చి పక్కనే నిలబడ్డ బావ మేనేజరు ఈ మాట విని బావను మళ్లీ పిలిపించాడట.

వేదికకు ఇంగ్లీషు అక్షరాల వరుసలోనే పిలిచారు. ఇండియా వాళ్లు నడిమధ్యలోనే ఎక్కి దిగి, నీడలో కూర్చుని సమోసాలు తిన్నారు. మన దేశం వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, సమోసాలు అయిపోయాయి.

"బిడ్డకు ఇయ్యి ఫోన్," అన్నాను అక్కతో. పిల్లకు క్షమాపణ చెప్పడంలో చిన్నతనం ఏముంది. గొంతు సవరించుకుని, లేచి నిలబడి, ఖలీల్ భాయ్ ప్రింటర్ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ ఫారంలోనైనా గడి ఎంతుందో అంతే రాస్తాను, గడి బయటికి చరిత్రను గానీ, నదులను గానీ, ఒప్పందాలను గానీ పారనివ్వను, అడిగిన పేరే రాస్తాను, ప్రతులు ఎవరికీ పంపను, లేనిపక్షంలో...

"మామా," అంది శ్రావ్య. "రాష్ట్రం గావాలంటే ఎండల నువ్వు నిలవడాలె గద. నన్నెందుకు నిలవెట్టినవ్?"